నడుస్తున్న ట్రయల్ మీద లాక్‌డౌన్ వచ్చి పడితే

0.79, 0.82, 0.88. గుండె వైఫల్యం మీద జరిగిన మూడు పెద్ద ట్రయల్స్ తేల్చిన అంకెలివి. వరసగా అఫర్మ్-ఏహెచ్ఎఫ్, ఐరన్‌మ్యాన్, గైడ్-హెచ్ఎఫ్. చికిత్స గ్రూపులో మరణాలు, ఆస్పత్రి చేరికల రేటుకూ, కొత్త చికిత్స లేని (కంట్రోల్) గ్రూపులో రేటుకూ ఉన్న నిష్పత్తి ఇది. అంకె 1 కంటే ఎంత తగ్గితే చికిత్స అంత పని చేసినట్టు. మూడింట్లోనూ మొగ్గు మేలువైపే ఉంది. కానీ పీ విలువలు (చికిత్స పని చేయకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.059, 0.070, 0.16. 0.05 దాటాయి కాబట్టి రూలు ప్రకారం మూడూ ఫెయిల్. కోవిడ్ ప్రభావం పడిన కాలాన్ని పక్కన పెట్టి కట్టిన లెక్కలో మాత్రం 0.75, 0.76, 0.81 వచ్చాయి. పీ విలువలు 0.024, 0.047, 0.049. మూడూ పాస్.

ఇది చూసి "కోవిడ్ చెడగొట్టింది, అసలు ఫలితం రెండోదే" అనేవాళ్లున్నారు. "ఓడిపోయాక సాకు వెతుక్కున్నారు" అనేవాళ్లూ ఉన్నారు. ఈ తగవు ఫార్ములాలతో తెగదు. ఆ రెండో లెక్క కట్టాలని ఏ తేదీన రాసుకున్నారు? రాసుకున్న రోజున రాసినవాళ్లకు ఏ గ్రూపులో ఏం జరుగుతోందో తెలుసా? ఈ రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబుంటే తగవు సగం తీరినట్టే. ఐరన్‌మ్యాన్‌లో ఆ విశ్లేషణ ముందుగా నిర్దేశించి పెట్టుకున్నదే.

అసలు ఈ ట్రయల్స్‌లో దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. ఇవి ప్రధానంగా లెక్కపెట్టేది ఆస్పత్రిలో చేరికలు, మరణాలు. 2020 మార్చి తర్వాత ఆయాసం వచ్చినా ఆస్పత్రికి వెళ్లడానికి జనం జంకారు. జబ్బు ముదిరింది, కానీ "చేరిక" అనే సంఘటన నమోదు కాలేదు. ఐరన్‌మ్యాన్‌లో మందు సెలైన్‌లా నరానికి ఎక్కించే ఐరన్. రక్తపరీక్షకీ డోసుకీ మనిషి ఆస్పత్రికి రావాలి. రాకపోతే మందు గ్రూపు కాస్తా మెల్లగా మందు లేని గ్రూపులాగే అయిపోతుంది. అందుకే వాళ్లు కోవిడ్ విశ్లేషణలో ఫాలో-అప్‌ను 2020 సెప్టెంబర్ 30తో ఆపారు. అఫర్మ్‌లో ఒక్కో దేశంలో మొదటి కోవిడ్ కేసు బయటపడిన తేదీని ఆ దేశానికి లెక్క ఆపే గీతగా పెట్టుకున్నారు. గైడ్-హెచ్ఎఫ్‌లో ఇంకో వింత: కోవిడ్ కాలంలో కంట్రోల్ గ్రూపులో సంఘటనల రేటు దాదాపు 21 శాతం పడిపోయింది, చికిత్స గ్రూపులో పెద్దగా మారలేదు. రెండింటి మధ్య ఉన్న తేడా ఆ కొద్ది నెలల్లోనే కరిగిపోయింది.

అంటే ఒకే లాక్‌డౌన్ ట్రయల్‌కు మూడు వేర్వేరు గాయాలు చేస్తుంది. మందు అందదు. కొలత జారిపోతుంది. కొలిచేదాని అర్థమే మారిపోతుంది. మూడు గాయాలకూ చికిత్స ఒకటి కాదు. "కోవిడ్ వల్ల ఇబ్బంది" అని ఒకే గంపలో వేయడమే మొదటి తప్పు.

వీటిని అంకెల్లో చూద్దాం. బీపీ మందు ట్రయల్ అనుకోండి. రెండు గ్రూపుల మధ్య 5 ఎంఎం తేడా పట్టాలి, స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు చెల్లాచెదురయ్యే మేర) 10, పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) 80 శాతం, రెండు వైపుల 5 శాతం పరీక్ష. గ్రూపుకి 63 మంది కావాలి. ఆఖరి విజిట్‌కు గ్రూపుకి 50 మందే మిగిలితే పవర్ 70 శాతానికి దిగుతుంది. 40 మందే మిగిలితే 61. కొందరిని ఇంట్లో, కొందరిని క్లినిక్‌లో కొలిచి స్టాండర్డ్ డీవియేషన్ 12కి పెరిగిందా, 63 కాస్తా 91 అవుతుంది. మందు గ్రూపులో 20 శాతం మందికి అసలు మందే అందకపోతే 5 ఎంఎం తేడా 4కి పలచబడుతుంది, అప్పుడు కావలసిన సంఖ్య 1.56 రెట్లు. మనుషులు తగ్గిపోవడం అందరి కళ్లకూ కనిపిస్తుంది కాబట్టి దాని గురించే ఆందోళన పడతారు. పలచబడటం ఏ రిపోర్టులోనూ కనిపించదు, నష్టం మాత్రం దానివల్లే ఎక్కువ.

ఇంకో మాట. ఇదంతా కొత్త మందు మెరుగని చూపించే ట్రయల్ సంగతి. నాన్-ఇన్‌ఫీరియారిటీ ట్రయల్‌లో, అంటే "పాతదానికి తీసిపోదు" అని చూపించే దాంట్లో, ఇదే పలచబడటం స్పాన్సర్‌కు, అంటే ట్రయల్‌కు డబ్బు పెట్టే సంస్థకు, కలిసొస్తుంది. ఎవరూ మందు సరిగా వేసుకోకపోతే రెండు గ్రూపులూ ఒకేలా కనిపిస్తాయి, ట్రయల్ గెలుస్తుంది! అలాంటి ట్రయల్‌లో మందు అందని రోజుల లెక్క మరింత కఠినంగా ఉండాలి.

మన దగ్గర 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. రైళ్లు, బస్సులు ఆగాయి. జిల్లాల నుంచి హైదరాబాద్ సైటుకు (ట్రయల్ జరిగే ఆస్పత్రికి) వచ్చే పేషెంట్‌కు దారే లేదు. అమెరికా ఎఫ్‌డీఏ మార్చి 18న, యూరప్ ఈఎంఏ మార్చి 20న తమ సూచనలిచ్చాయి. రెండింటి సారం ఒకటే: పేషెంట్ భద్రత ముందు, ఏం మార్చినా కారణంతో సహా రాసి పెట్టండి. మన న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్, 2019 కూడా ఇందుకు దారి ఉంచాయి. పేషెంట్‌కు తక్షణ ప్రమాదం తప్పించడానికి ముందస్తు అనుమతి లేకుండానే ప్రోటోకాల్ (ట్రయల్ నడపాల్సిన తీరు రాసిన పత్రం) నుంచి పక్కకు జరగవచ్చు, కానీ వెంటనే ఎథిక్స్ కమిటీకీ, మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓకీ తెలపాలి. పాలనాపరమైన చిన్న మార్పులు 30 రోజుల్లోపు తెలిపితే చాలు. ఎండ్‌పాయింట్ (ట్రయల్ కొలిచే ఫలితం), డోసు, శాంపిల్ సైజు మారితే మాత్రం అది పూర్తి అమెండ్‌మెంట్, అనుమతి వచ్చేదాకా ఆగాల్సిందే. చాలా సైట్లు ఈ గీతను తప్పు చోట గీస్తాయి. "విజిట్ ఫోన్లో చేశాం, చిన్న మార్పే కదా" అంటారు. ఆ విజిట్‌లో ప్రైమరీ ఎండ్‌పాయింట్ కొలవాల్సి ఉంటే అది చిన్న మార్పు కాదు.

మొదటి వారంలో చేయాల్సిన పని ఒక పట్టిక. అడ్డంగా విజిట్లు, నిలువుగా ఒక్కో పరీక్ష. ఒక్కో గడిలో నాలుగింటిలో ఒకటి రాయాలి: ఫోన్లో అవుతుంది, నర్సు ఇంటికెళ్తే అవుతుంది, దగ్గర్లోని ల్యాబులో అవుతుంది, సైటులో తప్ప కాదు. రాసే వరస కూడా ముఖ్యం. మొదట భద్రత కోసం చేసే రక్తపరీక్షలు, ఆపైన ప్రైమరీ ఎండ్‌పాయింట్, ఆఖరున మిగతావి. క్వాలిటీ ఆఫ్ లైఫ్ ప్రశ్నాపత్రాలు, ఎక్స్‌ప్లోరేటరీ శాంపిళ్లు మొహమాటం లేకుండా వదిలేయండి. ఉన్న ఒక్క నర్సు సమయం వాటికి పోతే పొటాషియం చూసేవాళ్లుండరు.

కొలిచే చోటు మారితే కొలతే మారుతుందన్నది ఈ పట్టిక వేస్తున్నప్పుడు అందరూ మరిచే సంగతి. క్లినిక్‌లో 140/90కి సమానంగా ఇంట్లో తీసుకునేది 135/85. అంటే సగటున 5 ఎంఎం, సరిగ్గా మనం పట్టాలనుకున్న తేడా అంత! రెండు గ్రూపులూ ఒకే నిష్పత్తిలో ఇంటికి మారితే పక్షపాతం రాదు, గందరగోళం మాత్రం పెరుగుతుంది. మందు దుష్ఫలితాల వల్ల ఒక గ్రూపే ఎక్కువగా సైటుకు వస్తుంటే పక్షపాతమే. ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల వరండా ఉండాలి. ఇంట్లో 8 మీటర్ల హాల్లో నడిపిస్తే మలుపులకే సమయం పోతుంది, దూరం తగ్గుతుంది. ఆ అంకెను పాత అంకె పక్కన పెట్టకూడదు. జ్ఞాపకశక్తి పరీక్షలో బొమ్మ చూసి గీసే భాగం ఫోన్లో అడగలేం. ఊపిరితిత్తుల పరీక్ష గొట్టంలోకి ఊదించేది, అందుకే ముందు మూతపడ్డవి ఆ ల్యాబులే.

షుగర్ పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ కొంత దయగలది. గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి విజిట్ విండోను (విజిట్ అటూ ఇటూ జరగడానికి ఇచ్చిన వ్యవధిని) రెండు మూడు వారాలు సాగదీసినా కొంప మునగదు. కానీ సెంట్రల్ ల్యాబు మాని ఊళ్లో ల్యాబుకు వెళ్తే యంత్రాల మధ్య తేడా తోడవుతుంది. షుగర్ ట్రయల్స్‌లో నాన్-ఇన్‌ఫీరియారిటీ మార్జిన్ (తీసిపోలేదనడానికి ఒప్పుకునే గరిష్ఠ తేడా) తరచూ 0.3 లేదా 0.4 ఉంటుంది, ఆ పక్కన ల్యాబు తేడా చిన్నదేం కాదు. కనీసం ఒకే పేషెంట్‌కు చివరిదాకా ఒకే ల్యాబు ఉండేలా చూడాలి. ల్యాబు పేరు, నార్మల్ రేంజ్, యూనిట్లు సీఆర్ఎఫ్‌లో (ఒక్కో పేషెంట్ డేటా నింపే ఫారంలో) ఎక్కాలి.

పొటాషియం దగ్గర మరో ఉచ్చుంది. ఇంట్లో రక్తం తీసిన నర్సు జాగ్రత్త అనుకుని ట్యూబును ఐసు పెట్టెలో పెడుతుంది. సెంట్రిఫ్యూజ్ చేయని (యంత్రంలో తిప్పి సీరం వేరుచేయని) రక్తం చల్లబడితే కణాల్లోని పంపు నెమ్మదిస్తుంది, లోపలి పొటాషియం బయటకు కారుతుంది. ల్యాబులో పొటాషియం ఎక్కువగా, 5.8 అని వస్తుంది, లాక్‌డౌన్లో పేషెంట్‌ను అంబులెన్స్‌లో తీసుకెళ్తారు, మందు ఆపేస్తారు. రక్తానికి ఏమీ కాలేదు, పెట్టె తప్పు. సీరం వేరుచేసేదాకా ట్యూబు గది ఉష్ణోగ్రతలోనే ఉండాలని, వీలైనంత త్వరగా తిప్పాలని నర్సుకు ఇచ్చే కాగితంలో మొదటి వాక్యంగా రాయండి.

ఇంటికి మందు పంపడం గురించి. 12 వారాల విజిట్‌కు 30 మాత్రల సీసాలు మూడు ఇస్తారు, 90 మాత్రలు. 84 రోజులకు ఆరు మిగులు. విజిట్ విండో ఏడు రోజులైతే ఆఖరి రోజు మాత్ర ఉండదు. మామూలు రోజుల్లోనే ఇంత బిగువు. విజిట్ నాలుగు వారాలు జరిగిందంటే 112 కావాలి, అంటే నాలుగో సీసా. కాబట్టి లాక్‌డౌన్ వార్త వచ్చిన రోజే ప్రతి పేషెంట్ దగ్గర ఎన్ని రోజుల మందుందో లెక్కతీసి, 14 రోజుల్లోపు ఉన్నవాళ్లను ముందు పెట్టాలి. పంపేది సైటు ఫార్మసీయే అయ్యుండాలి. స్పాన్సర్ గోదాం నుంచి నేరుగా పంపితే పేషెంట్ పేరు, అడ్రసు స్పాన్సర్ చేతికి చేరుతుంది. పేషెంట్ ఒప్పుకోలు ఫోన్లో చదివి వినిపించి, సాక్షి ఒకరు వింటుండగా, తేదీ సమయంతో రాయాలి. సంతకం తర్వాతి విజిట్‌లో.

2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాల్సిన మందులతో తిప్పలు వేడి వల్ల వస్తాయని అనుకుంటాం, గడ్డకట్టడం వల్ల కూడా అంతే వస్తాయి. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను నేరుగా సీసాకు ఆనించి పెడితే ఇన్సులిన్ లాంటివి గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాక్‌ను బయట ఉంచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాక పెట్టాలి. పెట్టెలో డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) ఉండాలి. లాగర్ రీడింగ్ ఫార్మసిస్టు చూసి సరేననేదాకా పేషెంట్ మొదటి డోసు వేసుకోకూడదు. రీడింగ్ దాటితే ఆ సీసా విడిగా, ఫ్రిజ్‌లోనే, "వాడకండి" చీటీతో. పారేయమని చెబితే మందు లెక్క తేలదు.

సైటుకు రాలేని మానిటర్‌కు (స్పాన్సర్ తరఫున రికార్డులు తనిఖీ చేసే మనిషికి) కేసు షీటు ఫొటోలు వాట్సాప్‌లో పంపే అలవాటు పుట్టింది. పేరు, ఆస్పత్రి నంబరు కనిపిస్తూనే! స్క్రీన్ షేర్ చేసి చూపించండి, లేదా పేర్లు చెరిపిన కాపీ అప్‌లోడ్ చేయండి. ఈ విషయం ఇంతకన్నా పెద్దది కాదు.

పేషెంట్‌కు కోవిడ్ వచ్చి వేరే ఆస్పత్రిలో చేరితే సైటుకు తెలిసేదెలా? సీరియస్ అడ్వర్స్ ఈవెంట్‌ను 24 గంటల్లో తెలపాలన్న రూలు లాక్‌డౌన్‌కు సడలలేదు. వారానికో ఫోన్ కాల్, అందులో "ఎక్కడైనా చేరారా" అన్న ప్రశ్న, ఇంట్లో ఇంకొకరి నంబరు, తర్వాత డిశ్చార్జి సమ్మరీ. చేరిక కారణాన్ని తేల్చే కమిటీకి కోవిడ్ పరీక్ష ఫలితం, సీటీ రిపోర్టు కూడా పంపాలి. లేదంటే కోవిడ్ న్యుమోనియా ఆయాసం గుండె వైఫల్యం కింద లెక్కకెక్కుతుంది.

ఇక సీఆర్ఎఫ్‌లో కొత్తగా చేర్చాల్సిన ఒక్క గడి. విజిట్ తప్పినా, మందు ఆగినా, కారణం. "కోవిడ్" అని ఒక్క మాట సరిపోదు. పేషెంట్‌కు కోవిడ్ వచ్చింది, క్వారంటైన్‌లో ఉన్నాడు, సైటు మూసేశారు, ప్రయాణం కుదరలేదు, భయపడి రాలేదు, మందు చేరలేదు, దుష్ఫలితం వల్ల మానేశాడు. ఇవన్నీ వేర్వేరు కోడ్‌లు. ఆరు నెలల తర్వాత కూర్చుని గుర్తుచేసుకుని నింపితే కోడ్‌లన్నీ "ప్రయాణం కుదరలేదు" దగ్గరే ఆగుతాయి.

ఎందుకంత పట్టింపంటే, విశ్లేషణ మొత్తం ఈ గడి మీద నిలబడుతుంది. ట్రయల్స్‌కు అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ఐసీహెచ్ సంస్థ 2019 నవంబర్‌లో ఖరారు చేసిన ఈ9 అనుబంధం "ఎస్టిమాండ్" అనే మాట తెచ్చింది. అసలు ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందు చెప్పమంటుంది. మందు చేరక ఆపినవాళ్ల విషయంలో "మందు అంది ఉంటే ఏమయ్యేది" అని ఊహించి అడగడం న్యాయం. ఎందుకంటే కొరియర్ ఆగడం మందు గుణం కాదు. దుష్ఫలితం వల్ల మానేసినవాళ్లకు అలా ఊహించకూడదు, మానేశాక వచ్చిన కొలతనే వాడాలి, అది మందు గుణమే. రెండూ ఒకే కోడ్ కింద ఉంటే ఎవరిని ఎటు పంపాలో స్టాటిస్టీషియన్‌కు తెలియదు. కోవిడ్ మరణం ఇంకా చిక్కు. ఎండ్‌పాయింట్ గుండె మరణమైతే కోవిడ్ మరణాన్ని పోటీ కారణంగా చూడొచ్చు. కానీ ఇమ్యూనిటీని తగ్గించే మందుల ట్రయల్‌లో కోవిడ్ ముదరడానికి మందే కారణం కావచ్చు. అక్కడ దాన్ని సంబంధం లేనిదిగా పక్కన పెట్టడం తప్పు.

పోయిన కొలతలూ అంతే. సైటు మూతపడి తప్పిన విజిట్‌కు పేషెంట్ జబ్బుతో సంబంధం లేదు, మల్టిపుల్ ఇంప్యుటేషన్ (ఉన్న డేటాను బట్టి పోయిన కొలతను పలుమార్లు అంచనా వేసి నింపడం) ధైర్యంగా చేయొచ్చు. భయపడి రానివాళ్లు ఎక్కువగా ముసలివాళ్లు, జబ్బు ముదిరినవాళ్లు. అక్కడ టిప్పింగ్ పాయింట్ విశ్లేషణ కావాలి. మందు గ్రూపులో తప్పినవాళ్ల బీపీకి 1 ఎంఎం, 2, 3 అని జరిమానా వేస్తూ పోయి, ఫలితం ఎక్కడ తిరగబడుతుందో చూడటం. 9 దగ్గర తిరగబడితే నిశ్చింత, 1 దగ్గరే అయితే ఆ ఫలితం మీద ఎక్కువ బరువు పెట్టకూడదు. చివరి కొలతనే ముందుకు లాగి నింపే పాత పద్ధతిని ఇప్పటికైనా వదలండి.

నిధులో పేషెంట్లో అయిపోతున్నప్పుడు "ఒకసారి డేటా చూసి నిర్ణయిద్దాం" అనే మాట తప్పకుండా వస్తుంది. సవరణ లేకుండా 5 శాతం దగ్గరే సమాన దూరంలో రెండుసార్లు చూస్తే తప్పుడు గెలుపు అవకాశం 5 కాదు, 8.3 శాతం. ఐదుసార్లు చూస్తే 14.2. ఓబ్రయన్-ఫ్లెమింగ్ గీతలైతే (మధ్యలో చూసినప్పుడు కఠినమైన హద్దు పెట్టే పద్ధతి) సగంలో చూసి గెలిచామనాలంటే జెడ్ విలువ (తేడా ఎంత బలమైనదో చెప్పే అంకె) 2.797 దాటాలి, చివర్లో 1.977. చివరి గీతకు పెద్దగా ఖర్చు లేదు కాబట్టి తప్పదంటే ఇదే వాడండి, అదీ స్వతంత్ర డీఎస్ఎంబీ (డేటా, భద్రత చూసే కమిటీ) చేతుల్లో. ఎవరు ఏ గ్రూపో విప్పకుండా మొత్తం వేరియన్స్ (కొలతల చెదురు), మొత్తం సంఘటనల రేటు చూసి శాంపిల్ సైజు సవరించుకోవడానికి మాత్రం ఇంత భయం అక్కర్లేదు.

సంఘటనలు చాలకపోతే ఏం చేయవచ్చో గుండె వైఫల్యం మీద జరిగిన సోలోయిస్ట్ ట్రయల్ చూపించింది. 1222 మంది చేరాక స్పాన్సర్ నిధులు ఆగాయి. హజార్డ్ రేషియో (రెండు గ్రూపుల్లో సంఘటనలు జరిగే వేగాల నిష్పత్తి) 0.75 పట్టాలంటే దాదాపు 380 సంఘటనలు కావాలి, 250 దగ్గర ఆగితే పవర్ 62 శాతం. ఇది ఉదాహరణ లెక్క, వాళ్లది కాదు. వాళ్లు మొదటి సంఘటన దగ్గర ఆగకుండా అన్ని సంఘటనలూ లెక్కలోకి తీసుకున్నారు. ఒకే మనిషి మూడుసార్లు చేరితే మూడు. అత్యవసర విజిట్లు కూడా కలిపారు. హజార్డ్ రేషియో 0.67 వచ్చింది. విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) 0.52 నుంచి 0.85. బదులుగా వదులుకున్నది కమిటీ నిర్ధారణ, ఇన్వెస్టిగేటర్ చెప్పిన సంఘటనలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంతటి వెసులుబాటు అన్నిచోట్లా ఉండదు. వుహాన్ రెమ్‌డెసివిర్ ట్రయల్‌కు 453 మంది కావాలి, అక్కడ కేసులే అయిపోయి 237 దగ్గర ఆగింది. పవర్ 80 నుంచి 58కి పడింది.

విశ్లేషణ ప్లాన్ సవరణ డేటాబేస్ లాక్‌కు (డేటాను ఇక మార్చకుండా మూసేయడానికి) ముందే, వెర్షన్ నంబరుతో, సంతకంతో ఉండాలి. కోవిడ్ గీత ఏ తేదీనో, ఎందుకు ఆ తేదీయో అందులోనే. దేశానికో తేదీ పెడతారా, సైటుకో తేదీయా అన్నది మీ ఇష్టం. రెండూ రాసుకుని నచ్చింది తర్వాత ఎంచుకోకండి. సీటీఆర్ఐలో (మన దేశపు ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీలో) రికార్డు కూడా అదే వారంలో మార్చండి. పేపరు రాసేటప్పుడు 2021లో వచ్చిన కన్సర్వ్ చెక్‌లిస్టు అడిగేవీ ఇవే: ఏం జరిగింది, ఏం మార్చారు, ఎప్పుడు, ఎవరు నిర్ణయించారు, అప్పటికి మధ్యంతర డేటా చూశారా.

సైటు మళ్లీ తెరిచిన రోజున ర్యాండమైజేషన్ లిస్టును (ఎవరు ఏ గ్రూపో లాటరీలా తేల్చే జాబితాను) కొత్తగా మొదలుపెట్టాలనిపిస్తుంది. వద్దు. నలుగురి బ్లాకులో ఇద్దరి దగ్గర ఆగి ఉంటే మూడో నంబరు నుంచే కొనసాగించాలి. సగంలో వదిలేసిన బ్లాకు ప్రతి సైటులోనూ ఒకరిద్దరి అసమతౌల్యం మిగులుస్తుంది, 40 సైట్లుంటే అది కనిపిస్తుంది. తెరిచాక చేరేవాళ్లు ముందు చేరినవాళ్లలాంటివాళ్లు కారు కాబట్టి ముందు, తర్వాత అనే కాలాన్ని మోడల్‌లో ఒక కోవేరియేట్‌గా (లెక్కలో సర్దుబాటు చేసే అంశంగా) పెట్టండి. మధ్యలో మందు ఆగినవాళ్లను ఏ డోసు నుంచి మొదలుపెట్టాలో కూడా ప్రోటోకాల్ చెప్పాలి. మానసిక వ్యాధికి వాడే క్లోజపిన్ లాంటిది రెండు రోజులకు మించి ఆగితే మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి ఎక్కించుకుంటూ రావాలి. పేషెంట్ ఇంట్లో మిగిలిన పాత సీసాలో మాత్రం పూర్తి డోసు మాత్రలే ఉంటాయి. ఫోన్లో మొదట చెప్పాల్సింది ఆ సీసా తెరవొద్దనే.